ఎండయు ఉప్పుగల్లును



మన తీరవాసులు ఉప్పు చేయుదుమని అనరు, ఉప్పు పండింతుమందురు. మడి, కయ్య, గట్టు, కాలువ, పంట, కుప్ప అను వరిచేని మాటలే ఉప్పుచేనికిని చెల్లుచున్నవి. ఇది వట్టి అలంకారము కాదు. విత్తు మొలకెత్తి పైరైనట్లే ఉప్పునీటిలో కంటికానని రవ్వ యొకటి పుట్టి, పొరమీద పొర చేర్చుకొని పెరిగి, చేతికందు గల్లగును. పైరునకు ఎండ యెట్లో ఈ గల్లునకును ఎండ యట్లే. అయితే ఎండ యెంత ముదిరిన పంట అంత మేలగునా? ఈ ప్రశ్నకు బందరు తీరపు ఉప్పుమడులును, కలంకారీవారి పటిక నీళ్లును, సురేకారపు బానలును చెప్పు సమాధానమును నేడు మీకు మనవి చేయుదును. ఆ సమాధానము నెఱిగి బ్రదికినవారికిని, దానిపై పన్ను వేసి పాలించినవారికిని నడుమ జరిగిన కథయు నిందులోనే యున్నది.

ముందుగా గల్లనగా నేమో చూతము. శాస్త్రజ్ఞులు దీనిని స్ఫటికమందురు. ఈ మాట మన సీమకు క్రొత్తది కాదు. దివిసీమకు కృష్ణానది యావలి యొడ్డున నున్న భట్టిప్రోలులో 1892వ సంవత్సరమున అలెగ్జాండరు రే అను పురాతత్త్వవేత్త బౌద్ధస్తూపమును త్రవ్వించగా, రాతిపెట్టెలలో స్ఫటికపు భరిణెలు బయటపడినవి. క్రీస్తునకు పూర్వమే చెక్కిన అచ్చటి బ్రాహ్మీ శాసనములలో ఆ స్ఫటికపు భరిణె మాటయు గలదు. ఆయనయే గుడివాడ, ఘంటసాల దిబ్బలను గూడ పరిశీలించి, ఈ మూడు చోట్లను గూర్చి 1894లో గ్రంథము ప్రకటించెను. స్ఫటిక శబ్దమునకు మన తెనుగున తద్భవము పటిక. మంగలి కత్తిగాటునకు అద్దు పటికయు, పెండ్లిండ్లలో పంచిపెట్టు పటికబెల్లమును ఆ పేరుననే వ్యవహరింపబడుచున్నవి. కావున మన పూర్వులు రాతియందును, పటికయందును, బెల్లమునందును ఒకే లక్షణమును చూచిరనుట స్పష్టము.

ఆ లక్షణమేది? క్రమము. తాపీపనివాడు ఇటుక ప్రక్కన ఇటుకను, వరుసపై వరుసను తిన్నగా పేర్చి గోడ కట్టినట్లు, పదార్థముయొక్క అణువులు ఒక కట్టుబాటు తప్పక పేరుకొన్నచో అది స్ఫటికమగును. మంచి కల్లుప్పు నొకదానిని అరచేత నుంచుకొని చూడుడు. ఆఱు ముఖములుగల పాచికవలె నుండును. దానిని ఎవడును చెక్కలేదు. లోపలి అణువుల వరుసయే బయటికి పాచికయై కనబడుచున్నది. తాపీపనివానిని తొందరపెట్టినచో గోడ వంకరపోవును, సందులు పడును. స్ఫటికమున కును ఈ న్యాయమే. నేను చెప్పబోవు దానికంతకు నిదియే మూలము.

ఛాందోగ్యోపనిషత్తునందు ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతుని చేత ఉప్పును నీట వేయించి, మఱునాడు దానిని తెమ్మనిన కథ మీరు వినియేయుందురు. కుమారునికి ఉప్పు కనబడలేదు; కాని పైనను, నడుమను, అడుగునను రుచి చూడగా అంతటను ఉప్పగనే యుండెను. ఉపనిషత్తు అచ్చట బోధించినది ఆత్మతత్త్వము. ఉప్పు పండించువాని విద్య దానికి వెనుకదారి: కనబడకుండ కరగియున్న దానిని మరల కంటికి కనబడునట్లు చేయుట. అందులకు వానికి తోడు వేడిమి.

వేడిమికి నీటియందు రెండు పనులు గలవు. మొదటిది నీటిని ఆవిరిచేసి తగ్గించుట. రెండవది నీటియొక్క పట్టును పెంచుట. అనగా చల్లని నీటిలో కరగనంత పదార్థము కాగిన నీటిలో కరగును. ఈ రెండును ఒకదాని కొకటి ఎదురు. మొదటి పని స్ఫటికమును పుట్టించును. రెండవది పుట్టిన స్ఫటికమునే కరగించివేయును. ఏ పదార్థమునందు ఏ పని గెలుచునో తెలిసికొనుటయే ఈ వృత్తుల రహస్యమంతయు.

లెక్క చెప్పెదను. ఇరువది డిగ్రీల సెంటిగ్రేడు వేడిగల 100 పాళ్ల నీటిలో సుమారు 36 పాళ్ల ఉప్పు కరగును. ఆ నీటిని సలసల కాగునంతవఱకు వేడిచేసినను 39 పాళ్లకు మించి కరగదు. మూడే పాళ్ల భేదము! సురేకారము, అనగా పెట్లుప్పు, అట్లు కాదు. ఇరువది డిగ్రీల నీటిలో సుమారు 32 పాళ్లు మాత్రమే కరగునది, కాగు నీటిలో 240 పాళ్లకు పైగా కరగును. చక్కెర చల్లని నీటిలో 200 పాళ్లు, కాగు నీటిలో 480 పాళ్లకు పైగా కరగును. పటికయు చల్లని నీట స్వల్పముగను, కాగు నీట విస్తారముగను కరగునదియే. కావున పటిక, చక్కెర, సురేకారము కావలసినవాడు వేడినీట కరగించి చల్లార్చవలెను. ఉప్పు కావలసినవాడు చల్లార్చి లాభము లేదు; నీటిని ఆఱబెట్టవలెను. అందుచేతనే ఉప్పు సముద్రతీరమున ఎండ పంట యైనది.

ఇక బందరు తీరమునకు పోదము. మచిలీపట్టణము చుట్టునుగల తీరమంతయు చదునైన చవుటినేల. అమావాస్య పౌర్ణములకు పోటునీరు మొగలనుండి కాలువలలోనికి ఎక్కివచ్చును. సముద్రజలము 1,000 పాళ్లు తీసికొన్నచో అందు లవణములన్నియు గలిసి సుమారు 35 పాళ్లు. వానిలో మనము తిను ఉప్పు సుమారు 27 పాళ్లు మాత్రమే. తక్కినవి సున్నపు జాతివియు, మెగ్నీషియమను ధాతువునకు సంబంధించిన చేదు లవణములును. కృష్ణకు వఱద వచ్చు దినములలో మొగలయొద్ద నీరు పలుచనై ఈ లెక్కయు తగ్గును. అందుచేత వానలు వెనుకబట్టి, చలి తగ్గినపిమ్మట మడులు తొక్కి గట్టిపఱచి, తొలకరి పడువఱకు పంట తీయుదురు.

నీటిని ఒక్కసారిగా పంటమడిలోనికి విడువరు. మొదట పెద్దకయ్యలో నిలిపి ఎండనిత్తురు. చిక్కబడినకొలది చిన్న కయ్యలకు మార్తురు. ఈ చిక్కదనమును కొలుచుటకు బామె అను ఫ్రెంచి రసాయనవేత్త పదునెనిమిదవ శతాబ్దమున ఒక తేలుగొట్టమును కల్పించెను. దాని లెక్కన సముద్రజలము సుమారు 3 డిగ్రీలుండును. చిక్కబడునప్పుడు మొదట సున్నపురాతి జాతి పదార్థము అడుగునబడును. పిమ్మట జిప్సము దిగును. నీరు సుమారు పదవవంతునకు తగ్గి, బామె లెక్కకు 25 డిగ్రీలైనప్పుడుగాని తిను ఉప్పు గల్లు కట్టదు. 29, 30 డిగ్రీలు వచ్చినపుడు మిగిలిన నీటిని బయటికి తోలివేయవలెను. ఆ నీటిలో నుండునవి చేదు లవణములు. లోభముచే ఆ నీటిని గూడ ఇంకబెట్టినచో ఉప్పు చేదగును. పైగా వానకాలమున జాడీలో చెమర్చి నీరుకారును. శ్రావణ మాసమున నీరుకారు ఉప్పును చూచి ఉప్పు చెడ్డదని మన ఇల్లాండ్రు అనుట యుక్తమే. చేదునీటిని సరిగా తీయని ఉప్పునకు తేమను పీల్చు గుణ మధికము.

అనుభవజ్ఞునకు తేలుగొట్టముతో పనిలేదు. నీటిరంగును, వ్రేలికి తగులు జిగిని, మడి యంచున మొదట మెఱయు పొరను చూచి అతడు సమయమును గ్రహించును. ఇది గ్రంథములలో వ్రాయబడని విద్య. తండ్రి చేయి చూచి కొడుకు నేర్చినది.

ఇప్పుడు మొదటి ప్రశ్న. ఎండ ముదిరినకొలది గల్లు మేలగునా? రోహిణి కార్తెలో పడమటి వడగాడ్పు వీచునపుడు మడిలో నీరు త్వరత్వరగా ఆవిరియగును. పైపొర తక్షణమే చిక్కబడి, ఒకటిరెండు చోట్ల గాక వేలచోట్ల ఒక్కసారి రవ్వలు పుట్టును. ఉన్న ఉప్పంతయు ఆ వేల రవ్వలు పంచుకొనుటచే ఏదియు పెద్దది కాజాలదు. నీటిపై తరకవలె తేలు ఆ పలుచని ఉప్పును పరీక్షించినచో మెట్లుమెట్లుగా దిగిన బోలు గోపురములవలె నుండును. అంచులు తొందరగా పెరిగి నడిమి భాగము వెనుకబడుటయే దానికి కారణము. ఆ బోలులో చేదునీరు చిక్కుకొనును. గాలి శాంతించి, ఎండ సమముగా కాచి, నీరు నిదానముగా తగ్గునప్పుడో, కొలది రవ్వలే పుట్టి, అడుగున కూర్చుండి, గట్టి పాచికలుగా పెరుగును. తూకమునకును, నిలువకును, రుచికిని అవియే మేలు.

మఱియొక విశేషము. వేడి యెంతయున్నను గాలి తడిగా నున్నచో ఉప్పు పండదు. గాలిలోని తేమ నూటికి 75 పాళ్లు మించినప్పుడు ఉప్పుతో నిండిన నీరు ఆవిరియగుట మానును. పైగా పండిన గల్లే తేమను త్రాగి కరగనారంభించును. సముద్రపు గాలి తడిగాలి. పడమటి గాలి పొడిగాలి. వేసవి యుక్కలో చెమట కారుచుండగా ఉప్పుమడి కదలక యుండుటయు, దానికంటె తక్కువ వేడిగల పొడిదినమున పంట దిగుటయు ఇందువలననే. కావున ఉప్పురైతునకు ఎండ ప్రభువు కాదు. ఎండయు గాలియు గలిసి నిర్ణయించు వేగమే ప్రభువు.

ఈ మాట బందరునకే కాదు, లోకమంతటికిని చెల్లును. ఎండ చాలని ఇంగ్లండు దేశమున చెషైరు సీమలో ఉప్పునీటిని ఇనుప బానలలో పోసి క్రింద మంటపెట్టి ఉప్పు తీసెడివారు. సలసల కాచినచో మెత్తని పొడియుప్పు దిగెడిది. మంట తగ్గించి గోరువెచ్చగా దినములతరబడి నిలిపినచో, చేపలను ఊరవేయుటకు పనికివచ్చు లావుగల్లు దిగెడిది. నీరొక్కటే, బాన యొక్కటే. మంటలో మాత్రమే భేదము. మన మడిలో ఉప్పునకు ముందుగా దిగు జిప్సము నింతకుముందు చెప్పితిని గదా! మెక్సికో దేశమున నైకా అను గనిలో 2000వ సంవత్సరమున ఒక గుహ బయటపడినది. అందు ఆ జిప్సమే పదునొకండు మీటర్ల పొడవుగల స్తంభములై నిలిచియున్నది. ఆ గుహను నింపిన నీరు సుమారు 58 డిగ్రీలకు ఒకింత తక్కువ వేడియందు, హెచ్చుతగ్గులు లేక, లక్షలకొలది సంవత్సరము లుండుటయే దానికి కారణమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. మన మడిలో కొలది దినములలో దిగినపుడు ఇసుకరేణువంత. అచ్చట యుగములు గడచినపుడు తాటిదూలమంత.

ఇక వేడిమి యొక్క రెండవ పనికి వత్తము. బందరు, పెడన కలంకారీ అద్దకము జగత్ప్రసిద్ధము; 2013లో మచిలీపట్టణపు కలంకారీకి భౌగోళిక గుర్తింపును లభించినది. ఆ గుడ్డకు ఎఱ్ఱరంగు నిలుచుటకు ఆధారము పటిక. కరక్కాయ నీటిలో తడిపిన గుడ్డపై పటికనీటితో అద్దినచోటనే చిరివేరు రంగు పట్టును. ఆ పటిక మలినము లేనిదై యుండవలెను. ఇనుపజాతి మలినమున్నచో ఎఱుపు మాసిపోవును. పటికను శుద్ధిచేయు మార్గము వేడినీట కరగించి, వడగట్టి, మెల్లగా చల్లార్చుటయే. మెల్లగా పెరుగు స్ఫటికము తనజాతి అణువులనే వరుసలో చేర్చుకొని, పరజాతిని బయట నుంచును. తొందరపెట్టినచో తప్పొప్పులు చూడక అన్నిటిని లోనికి తీసికొనును. ఉయ్యూరువంటి చక్కెర కర్మాగారములలో జరుగు పనియు నిట్టిదే. చెఱకుపాకము ఎక్కువ వేడికి మాడి రంగు చెడును గనుక, 1813లో హోవర్డు అను ఆంగ్లేయుడు గాలి తీసివేసిన మూతబానను కల్పించెను. అందు పాకము తక్కువ వేడికే కాగి గింజకట్టును. లోకమున నేటికిని చక్కెర ఆ పద్ధతినే తయారగుచున్నది.

అన్నిటిలో చరిత్రను కదిలించినది సురేకారము. పాత ఊరిదిబ్బలయందును, పశువుల కొట్టములయందును మట్టిపై తెల్లగా పొంగు లవణమిది. గంధకమును బొగ్గును గలిపి నూఱినచో తుపాకిమందగును. 1605 ప్రాంతమున డచ్చివారును, 1611లో ఇంగ్లీషువారును మచిలీపట్టణమున వర్తకపు కోఠీలు స్థాపించిరి. గుడ్డలు వారికి ముఖ్యము; కాని యుద్ధములు మానని ఐరోపాకు సురేకారమును కావలసియుండెను. డచ్చివారు మన తీరమునకు దక్షిణముననున్న పులికాటులో తుపాకిమందు నూఱించిరి గూడ.

సురేకారపు మట్టిని నీట కలిపి తేర్చినచో దానిలో తిను ఉప్పును కలిసియుండును. రెంటిని వేఱుచేయుట యెట్లు? ఇచ్చట మన లెక్క పనికివచ్చును. ఆ నీటిని కాచి ఇంకించినప్పుడు, వేడికి పట్టు పెరుగని ఉప్పు మొదట బాన అడుగున దిగును. వేడినీట అపారముగా కరగు సురేకారము పైనీటిలోనే నిలుచును. ఆ పైనీటిని వేఱు పాత్రలోనికి వంచి చల్లార్చినచో సూదులవంటి సురేకారపు గల్లులు దిగును. వేడియం దొకటి, చలువయం దొకటి! ఏ కళాశాలయందును చదువని గ్రామస్థులు ఈ రసాయనశాస్త్రమును తరతరములుగా చేతిలో నుంచుకొనిరి.

కాని ఆ విద్యయే వారికి నేరమైనది. ఏలయన సురేకారముతో పాటు బాన అడుగున తిను ఉప్పు దిగును. ఉప్పుపై సర్కారునకు పన్ను గలదు. అందుచేత సురేకారము తీయువాడు లైసెన్సు పొందవలెను. బాన అడుగున దిగిన ఉప్పును గూర్చి ఉప్పుశాఖవారికి లెక్క చెప్పవలెను. చవుటిమన్నునుండి ఉప్పు తీయుట క్రమముగా నిషిద్ధమైనది. ఉప్పరవారి పేరు ఉప్పునుండి వచ్చినదే. చవుటియుప్పు తీయుట వారి పూర్వవృత్తి. ఆ వృత్తి చెడిన పిమ్మట వారు చెఱువులు, కాలువలు త్రవ్వు మన్నుపనికి మరలిరి. కులముపేరులో మాత్రము ఉప్పు నిలిచినది, చేతిలోనుండి జాఱిపోయినది.

ఉప్పుపై రాజునకు హక్కు క్రొత్తది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమునందు లవణాధ్యక్షుడను అధికారి గలడు. అనుమతి లేక ఉప్పు తీయుట, ఉప్పును కల్తీచేయుట ఆ శాస్త్రమున శిక్షార్హములు. కాని ఆ శాస్త్రమే వానప్రస్థులకు మినహాయింపునిచ్చినది. శ్రోత్రియులు, తపస్వులు, కూలిపనివారు తమ అన్నమునకు కావలసిన ఉప్పును సుంకము లేక తీసికొనవచ్చునని చెప్పినది. కుంపిణీవారి శాసనమునకు ఆ దయ లేకపోయెను. 1805లో చెన్నపట్టణపు ప్రభుత్వము ఉప్పును తన గుత్తగా చేసికొన్నది. 1889లో చెన్నపురి రాజధానికి ప్రత్యేకమైన ఉప్పు చట్టము వచ్చినది. 1888లో మణుగునకు రెండున్నర రూపాయలైన పన్ను, 1907 నాటికి ఒక రూపాయకు దిగి, 1916లో రూపాయ నాలుగణాలై, 1923లో ఒక్కసారి రెట్టింపై, 1924లో మరల తగ్గినది. ధనికుడు తిను ఉప్పెంతయో పేదవాడు తినునదియు నంతయే. గంజిత్రాగువానికి ఇంకను ఎక్కువ కావలెను. కావున ఈ పన్ను బరువు పేదలపైననే పడినది.

దీనికంటె వింత యేమనగా, వేసవిలో పోటునీరు పల్లపు నేలలో నిలిచి, ఎండకు తనంతట తానే ఆఱి, తెల్లని ఉప్పుపొర కట్టుచుండును. మానవప్రయత్నము లేని స్వయంభూస్ఫటికమది. దానిని ఒక ముంతెడు తెచ్చుకొన్న తీరవాసియు నేరస్థుడే! ఆ ఉప్పును మట్టిలో కలిపి చెడగొట్టుటకు జవానులు నియమింపబడిరి. సూర్యుడు చేసిన పనికి పేదవాడు శిక్షపడుట ఈ చట్టములోని విపరీతము.

1930 ఏప్రిలు 6వ తేదీన గాంధీమహాత్ముడు దండి తీరమున గుప్పెడు ఉప్పు నెత్తెను. ఆ సంవత్సరమే మన డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు స్వచ్ఛందసేవకులతో బందరు సముద్రతీరమున ఉప్పు చట్టమును ధిక్కరించి కారాగారమునకు పోయిరి. మే 6వ తేదీన బందరు కోనేరు కూడలిలో తోట నరసయ్యనాయుడుగారు జాతీయ పతాకము నెగురవేయ స్తంభమెక్కి, పోలీసు లాఠీదెబ్బలకు స్మృతి తప్పిపడిరి. 1931 మార్చి నెలలోని గాంధీ–ఇర్విన్ ఒడంబడిక ఉప్పుదొరకు తావుల గ్రామస్థులకు ఇంటివాడుకకును, ఆ గ్రామములలో అమ్ముకొనుటకును ఉప్పు తీసికొను స్వేచ్ఛ నిచ్చినది. 1947లో ఉప్పుపన్ను రద్దయ్యెను. లోకమున ఇంతటి సామ్రాజ్యమును ఎదిరించుటకు ఎంచుకొన్న ఆయుధము ఎండలో ఆఱిన ఒక గల్లగుట విచారింపదగినది. ఎవడైనను, ఎచ్చటనైనను, ఏ యంత్రమును లేక తీయదగిన వస్తువది. కావుననే అది అందఱి హక్కునకు గుఱుతైనది.

పన్ను పోయినను ఉప్పురైతు కష్టము తీఱలేదు. అతనిది ఎండ పంట. వాన అతనికి శత్రువు. వరిరైతు వానకై మొగమెత్తి చూచుదినమున ఉప్పురైతు గుండె పట్టుకొనును. మబ్బు పట్టిన ఒక్క రాత్రి వాన నెలదినముల చిక్కదనమును పలుచన చేయును, కుప్పను కరగించును. ఉప్పెనల మాట చెప్పనక్కఱలేదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెనలో బందరు ప్రాంతమున సుమారు ముప్పదివేలమంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమపై పడిన ఉప్పెన పదివేలకు పైబడిన ప్రాణములను తీసికొన్నది. ఉప్పెన తీసిన పిమ్మట సముద్రపు ఉప్పు పొలములలో మిగిలి వరిమళ్లను పాడుచేసెను. మడిలో వరమైన ఉప్పే చేలో శాపమగును.

మచిలీపట్టణము మండలములోని పల్లెతుమ్మలపాలెము, కోన గ్రామములందు ఉప్పు పండించు కుటుంబములు నేటికిని గలవు. కాని తీరమున చాలచోట్ల ఇటీవలి దశాబ్దములలో రొయ్యల చెఱువులు వెలసినవి. దుకాణములలో మెత్తని పొడియుప్పు సంచులలో వచ్చుచున్నది. గళగండవ్యాధిని నివారించు అయొడినును ఉప్పునందు చేర్చవలెనను నియమము మేలైనదే, కాదనరాదు. కాని మెత్తగా, తెల్లగా నున్నదే మంచి ఉప్పనియు, లావుగల్లు మోటదనియు అనుకొనుట మాత్రము అజ్ఞానము. గల్లు లావు దాని వెనుకనున్న నిదానమునకు సాక్ష్యము.

పెద్దలగు మీకు ఒక మనవి. ఇంటిలోని పిల్లలచేత ఒక చిన్న పరీక్ష చేయింపుడు. కాగిన నీటిలో కరగినంత పటికను కరగించి, రెండు గిన్నెలలో పోయుడు. ఒకదానిని చన్నీటి తొట్టిలో నుంచి తటాలున చల్లార్చుడు. రెండవదానికి గుడ్డచుట్టి, కదల్పక, తెల్లవాఱువఱకు నుంచుడు. మొదటిదానిలో సన్నని రవ్వయు, రెండవదానిలో మెఱయు పెద్దగల్లును కనబడును. మూడవ గిన్నెలో కాగిన నీట కరగినంత ఉప్పు కరగించి చల్లార్చి చూడుడు. దాదాపు ఏమియు దిగదు. దానిని మూతలేక నీడలో నుంచినచో కొన్ని దినములకు పాచికలు పుట్టును. ఈ మూడు గిన్నెలలో మన తీరపు వృత్తివిద్య యంతయు నిమిడియున్నది.

మఱియొకటి. ఉప్పుమడులలో పనిచేసి ముదుసలులైనవారు మీ గ్రామములలో నున్నచో, మడి యెట్లు తొక్కుదురో, నీటిజిగి నెట్లు గుర్తింతురో, ఏ గాలికేమి పేరో వారినడిగి ఒక పుస్తకమున వ్రాసియుంచుడు. భట్టిప్రోలు భరిణెను చెక్కిన శిల్పిపేరు మనకు దక్కలేదు. వాని నైపుణ్యము రాతిలో దక్కినది. ఉప్పు పండించిన వాని నైపుణ్యము రాతిలో దక్కదు. మొదటి వానకు కరగిపోవును. దానిని నిలుపదగినది అక్షర మొక్కటియే.